తల బయట పెట్టిన మనిషి

ఇంజనీరింగ్ అయిపోయి హైదరాబాద్ వచ్చిన కొత్తలో మాసాబ్ ట్యాంక్ దగ్గర ఫస్ట్ లాన్సర్ అనే బస్తీలో నలుగురం కలిసి ఒక రూమ్‌లో ఉండేవాళ్ళం. పొద్దున అమీర్‌పేటలో జావా కోచింగ్, సాయంత్రం ఇరానీ చాయ్, రాత్రి రెజ్యూమెలు దిద్దుకోవడం. లాన్సర్ అంటే నాకు తెలిసింది మిట్సుబిషి వాడి కారొక్కటే. బస్తీకి కారు పేరెందుకు పెట్టారని ఒకసారి పైకే అనేశాను. మా ఇంటి ఓనరు, డెబ్బై దాటిన పెద్దాయన, నవ్వి "కారు కాదు బేటా, ఘోడా" అన్నాడు.

లాన్సర్ అంటే బల్లెం పట్టిన గుర్రపు రౌతు. నిజాం సైన్యంలో ఉండిన ఆశ్విక దళాలు పోయినా వాటి పేర్లు ఈ ఊళ్ళో బస్తీలకి మిగిలిపోయాయి. పక్కనే ఉన్న ఏసీ గార్డ్స్‌లో ఏసీకి చల్లగాలితో సంబంధం లేదు, అది ఆఫ్రికన్ కావల్రీ. ఆ రోజు ఇదంతా ఏదో క్విజ్‌కి పనికొచ్చే ముక్కలా గుర్తుపెట్టుకున్నాను. పదేళ్ళు దాటాక, మణికొండలో ఈఎంఐ కడుతున్న ఫ్లాట్‌లో, మా తాత నోట ఆ గుర్రాలు మళ్ళీ వస్తాయనీ, ఈసారి నిజంగానే కార్లయి వస్తాయనీ ఊహించలేదు.

తాత మా దగ్గరికి వచ్చి ఎనిమిది నెలలైంది. వయసు ఎనభై ఆరు. నాయనమ్మ పోయాక ఊళ్ళో ఒక్కడినే ఉంటానన్నాడు, మేమే ఊరుకోలేదు. ఊరంటే కోదాడకీ మునగాలకీ మధ్య, బెజవాడ రోడ్డుకి కూతవేటు దూరం. ఇక్కడ మాది పదో అంతస్తు. కింద పైప్‌లైన్ రోడ్డు ట్రాఫిక్. వాన వెలిసి గాలి తేటపడ్డ రోజున, బాల్కనీలోంచి చూస్తే అపార్ట్‌మెంట్ల సందులో గోల్కొండ కోట గుట్ట కనిపిస్తుంది. తాత పొద్దున్నే కుర్చీ లాక్కుని అటే చూస్తూ కూర్చుంటాడు. చూస్తున్నాడనే నేను అనుకున్నాను.

లాక్‌డౌన్‌లో నాకొక కొత్త పిచ్చి పట్టుకుంది. ప్లాస్టిక్ మోడల్ కిట్లు అతికించడం. విమానాలతో మొదలై ట్యాంకులకి వచ్చాను. అమెరికా నుంచి వచ్చిన కొలీగ్ ఒకడు స్టాగ్‌హౌండ్ అనే ఆర్మర్డ్ కారు కిట్ తెచ్చిచ్చాడు. అసలు బండిలో ముప్పై అయిదో వంతు సైజు. మూడు ఆదివారాలు డైనింగ్ టేబుల్ మీద పేపర్ పరిచి, మా ఆవిడ సణుగుడు వింటూ, నాలుగు చక్రాలూ టరెట్టూ అతికించాను. రంగు ఆరుతుంటే తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. బండిని చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గరికి పెట్టుకున్నాడు. ఒకేసారి మొత్తం చూడకుండా కొంచెం కొంచెం తిప్పుతూ, తడుముతూ చూశాడు.

"ఇసువంటియి నేను జూసినరా," అన్నాడు. "పోలీస్ యాక్షన్ల. మా రోడ్డు మీదికే వచ్చినయి."

నేను నమ్మలేదు. తర్వాత చదివితే తెలిసింది, నమ్మి ఉండాల్సింది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి అన్ని వైపుల నుంచీ అడుగుపెట్టింది. ముఖ్యమైన దండు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో షోలాపూర్ వైపు నుంచి వచ్చింది. తూర్పు నుంచి, అంటే బెజవాడ రోడ్డు మీదుగా వచ్చిన దండుకి నాయకుడు మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర. ఆ తూర్పు రోడ్డు మీద ఎదురు నిలిచినవి రెండవ, నాలుగవ హైదరాబాద్ లాన్సర్లు. పేరు లాన్సర్లే కానీ అప్పటికి బల్లేలూ గుర్రాలూ పోయి, హంబర్, స్టాగ్‌హౌండ్ ఆర్మర్డ్ కార్లు వచ్చాయి. పొద్దున ఎనిమిదిన్నరకల్లా భారత సైన్యం కోదాడ చేరింది, మధ్యాహ్నానికి మునగాల. నాలుగు రోజుల తర్వాత కాల్పుల విరమణ, 18న నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ లొంగుబాటు. తాత చిన్నప్పటి రోడ్డు మీద యుద్ధం నడిచింది ఒక్క పూట.

తాతకి అప్పుడు తొమ్మిదేళ్ళు. భాద్రపదం వానలు. బర్రెలు తోలుకుని రోడ్డు పక్కకి వెళ్తే చింతచెట్టు కింద రెండు ఇనప మోటార్లు ఆగి ఉన్నాయట.

"ఒకదాని మూత తెరిసి ఉన్నది. లోపల్నించి ఒక మనిషి నడుం దాకా బయటికొచ్చి, కండ్లకు గొట్టాలు పెట్టుకొని బెజవాడ దిక్కు జూస్తున్నడు. నేను బర్రె ఎనకాల దాక్కున్న. ఆయన నన్ను జూసి పానీ అన్నడు. నాకు తురకం రాదు గని పానీ తెల్వదా? ముంతల నీళ్ళిచ్చిన. తాగి, ఉధర్ కోయీ దిఖా అన్నడు. చెయ్యి ఊపి అడిగిండు గనుక సమజయింది. ఎవర్నీ జూడలే అని తలకాయ ఊపిన."

"నిజంగానే ఎవర్నీ చూడలేదా?"

"మనిషిని జూడలే. పొద్దుగాల ఇమానం ఒకటి మీద తిరగంగ జూసిన. ఆయన అడిగింది మనుషుల్ని గద. ఇమానం గురించి నేను చెప్పలే."

కాసేపు బండి చక్రాన్ని వేలితో తిప్పుతూ ఉన్నాడు. "మావోళ్ళు సంబరపడ్డరురా. రజాకార్ల పీడ పోయిందని. అందరూ సంబరపడ్డరు. నాకేమో ఆయనే యాదికొస్తడు. అంత ఇనుము కప్పుకున్నోడు నన్ను అడిగిండు, ఏం కనపడ్డదని."

తర్వాత బండిని బల్ల మీద పెట్టేసి, దాని మూసిన మూత మీద గోటితో కొట్టాడు. "మనిషేడి మరి?"

ఆ ప్రశ్న నన్ను కొన్ని వారాలు వదల్లేదు. ఆర్మర్డ్ కారు అనగానే మనకి తుపాకీ గుర్తొస్తుంది. నాకూ అంతే. చదువుతూ పోతే తేలింది, మొదట్లో ఈ బండ్లని కలగన్నవాళ్ళలో చాలామందికి కావాల్సింది తుపాకీ కన్నా ముందు కన్ను. యుద్ధంలో గుర్రపు రౌతుకి రెండు పనులు. ఒకటి మీదపడి నరకడం, అది బొమ్మల్లో అందంగా ఉంటుంది. రెండోది సైన్యానికి ముందు వెళ్ళి, శత్రువు ఎక్కడున్నాడో చూసి, బతికి వెనక్కొచ్చి చెప్పడం. మెషీన్‌గన్ వచ్చాక గుర్రం మీద కూర్చుని ఆ రెండో పని చేయడం కూడా కష్టమైంది. గుర్రం బదులు మోటారు, చొక్కా బదులు ఉక్కు రేకు ఉంటే?

1899 జూన్‌లో ఫ్రెడరిక్ సిమ్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు లండన్ దగ్గర రిచ్‌మండ్‌లో ఒక బండి చూపించాడు. దాని పేరే మోటార్ స్కౌట్. ఫ్రెంచి కంపెనీ ద దియోఁ బూతోఁ తయారుచేసిన నాలుగు చక్రాల సైకిల్ లాంటి బండి. దాని మీద ఒక మాక్సిమ్ మెషీన్‌గన్, ముందు ఒక ఉక్కు పలక. పలక ముందు నుంచే కాపాడుతుంది. పక్కలకీ వెనక్కీ ఏమీ లేదు. ఫోటో చూస్తే ఆ నడిపే ఆయన తల, భుజాలు, కాళ్ళు అన్నీ గాల్లోనే. అన్నీ కనిపిస్తాయి ఆయనకి, ఆయన కూడా అందరికీ కనిపిస్తాడు. సిమ్స్‌కి ఇది చాలలేదు. 1902లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో మోటార్ వార్ కార్ చూపించాడు. చుట్టూ 6 మిల్లీమీటర్ల ఉక్కు గోడ, లోపల డైమ్లర్ ఇంజన్. నీళ్ళ తొట్టికి చక్రాలు పెట్టినట్టు ఉంటుంది. పైన మాత్రం ఖాళీ. గోడ ఎత్తు పెంచాడు గానీ కప్పు వేస్తే ఎలా చూడాలన్నది ఆయనా తేల్చుకోలేదు. బ్రిటిష్ సైన్యం రెండిట్లో దేన్నీ తీసుకోలేదు.

అదే రోజుల్లో అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో రాయల్ పేజ్ డేవిడ్‌సన్ అనే మిలటరీ స్కూలు మాస్టరు తన కుర్రాళ్ళతో ఇలాంటి ప్రయోగాలే చేస్తున్నాడు. 1890ల చివర్లో ఒక మూడు చక్రాల డ్యూరియా బండి మీద మెషీన్‌గన్ పెట్టించాడు. తర్వాత ఆవిరి బండ్లు, ఆ తర్వాత కాడిలాక్‌లు. కొన్ని కాడిలాక్‌ల మీద తుపాకీని ఆకాశం వైపు తిప్పాడు, బెలూన్లని కూల్చడానికి. ఆ రోజుల్లో బెలూన్ అంటే పైనుంచి చూసే శత్రువు కన్ను. 1915లో ఎనిమిది కాడిలాక్‌ల దండుని షికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జిబిషన్ దాకా 34 రోజులు నడిపించాడు. అందులో పూర్తిగా ఉక్కు తొడిగిన కారు ఒకటి. మిగతా వాటిలో వైర్‌లెస్ కారు ఉంది, ఆస్పత్రి కారు ఉంది, వంట కారు కూడా ఉంది. నన్ను ఆపింది ఆ వైర్‌లెస్. చూడటం ఒక్కటే చాలదు, చూసింది వెనక్కి చేరాలని ఆ స్కూలు మాస్టరుకి తెలుసు.

వీళ్ళందరిలో నాకు బాగా నచ్చింది పౌల్ డైమ్లర్. ఆస్ట్రియాలో 1904-05లో ఆయన చేసిన బండికి నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందేది, గుండ్రని టరెట్ ఉండేది, చుట్టూ పలచని ఉక్కు. డ్రైవరుకి ముందు సన్నటి చీలిక. ఆ చీలికలోంచి రోడ్డు ఎంత కనిపిస్తుందో డైమ్లర్‌కి తెలుసు. అందుకని డ్రైవరు సీటూ కమాండరు సీటూ పైకి లేచేలా పెట్టాడు. తూటాలు లేనప్పుడు సీటు పైకి లేపుకుని కప్పు మీదుగా తల బయటపెట్టి చూడొచ్చు. తూటాలు మొదలయితే కిందికి దిగిపోవచ్చు. 1906 సైనిక విన్యాసాల్లో దీని చప్పుడుకి చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ పరివారం గుర్రాలు బెదిరాయనీ, ఇది సైన్యానికి ఎప్పటికీ పనికిరాదని ఆయన తేల్చేశాడనీ చెబుతారు. గుర్రాలకి ముందే తెలిసిపోయిందేమో.

ఆ తర్వాత వందేళ్ళ కథంతా ఆ సీటు కథే అనిపిస్తుంది నాకు. ఉక్కు మందం పెరిగేకొద్దీ చీలిక సన్నబడుతుంది. చీలిక వెడల్పు చేస్తే తూటా దూరుతుంది. దాన్ని దాటడానికి దళసరి గాజు దిమ్మలు, అద్దాల పెరిస్కోపులు వచ్చాయి. అయినా అనుభవం ఉన్న కమాండర్లు మూత తెరిచి తల బయటపెట్టే వెళ్ళేవాళ్ళు. చావొచ్చని తెలుసు. గుడ్డివాడిలా వెళ్తే ఇంకా ముందే చావొచ్చని కూడా తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు వాడిన డింగో అనే చిన్న స్కౌట్ కారుకి ఐదు గేర్లూ ముందుకి ఎలా పనిచేస్తాయో వెనక్కీ అలాగే పనిచేస్తాయి. చూడగానే, బండి తిప్పే టైమ్ లేకుండా, వచ్చిన వేగంతోనే వెనక్కి పోవాలి. మిగతా యుద్ధ యంత్రాలకి వెనకడుగు సిగ్గు. దీనికి అదే డ్యూటీ.

మన హైదరాబాద్ లాన్సర్లూ ఈ మార్పు మధ్యలోంచే నడిచారు. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ సంస్థానాల లాన్సర్లు ఒకే బ్రిగేడ్‌గా పాలస్తీనా వైపు పోరాడారు. ఢిల్లీలో తీన్ మూర్తి అనే పేరు ఆ మూడు సంస్థానాల సైనికుల విగ్రహాల వల్లే వచ్చింది. 1918 అక్టోబర్‌లో అలెప్పో పైన హరితాన్ దగ్గర ఆ బ్రిగేడ్‌లోని మైసూర్, జోధ్‌పూర్ రౌతులు ఆర్మర్డ్ కార్లతో కలిసి ముందుకి వెళ్ళారు. బల్లేలూ ఇంజన్లూ ఒకే రోడ్డు మీద. ముప్పై ఏళ్ళకి కోదాడ రోడ్డు మీద లాన్సర్ల కింద గుర్రం లేదు. హంబర్ కారుంది. ఆ కారు అడుగు భాగం ఎక్కడిదో తెలుసా? భారత సైన్యం కోసం ఇంగ్లండ్‌లో తయారైన ఫిరంగులు లాగే కారియర్ కేటీ4 ట్రాక్టరుది. మన కోసం చేసిన చాసీ మీద యూరప్ యుద్ధానికి ఉక్కు తొడిగి, చివరికి దాన్నే తెచ్చి మన చింతచెట్టు కింద నిలబెట్టారు. ముందుకెళ్ళి చూసి రావాల్సిన బండిని రోడ్డుకి అడ్డంగా నిలబెట్టి, ట్యాంకులతో విమానాలతో వచ్చే సైన్యాన్ని ఆపమన్నారు. చూడాల్సినవాడి తల మీద విమానం తిరుగుతోంది. ఆయన బర్రెల పిల్లాడిని అడుగుతున్నాడు.

ఇదంతా చదువుతూ నేను నా ఉద్యోగం గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాను. మా టీమ్ పేరు అబ్జర్వబిలిటీ. సర్వర్లు బాగున్నాయా, రిక్వెస్టులు ఎంత ఆలస్యమవుతున్నాయి, ఎర్రర్లు ఎన్ని అని రాత్రింబవళ్ళు చూసే యంత్రాలని మేం కడతాం. గోల్కొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినబడుతుంది కదా, మేం చేసేది అదే పని, కొంచెం ఖరీదైన చప్పట్లు. గోడ మీద పెద్ద స్క్రీన్లు, వాటి నిండా పచ్చ గీతలు. ఒకసారి ఆ గీతలన్నీ పచ్చగా ఉండగానే మూడు గంటలు పాటు కస్టమర్లకి డబ్బు కట్టడం కుదరలేదు. మేం కొలుస్తున్నది సర్వరు జవాబు ఇస్తోందా లేదా అని. ఇస్తోంది. ఆ జవాబులో "సారీ" అని ఉంది. దాన్ని మేం కొలవలేదు. కనిపెట్టింది కస్టమర్ కేర్‌లో కూర్చున్న ఒక అమ్మాయి, ఫోన్లు ఎత్తి ఎత్తి. ఆ రోజు పోస్ట్‌మార్టం డాక్యుమెంట్‌లో నేనే రాశాను, మనం చూసేదాని అంచులు ఎక్కడున్నాయో మనకి తెలియాలని. మేనేజరుకి నచ్చింది ఆ లైను.

రాసినవాడికి ఇంట్లో అది పనికి రాలేదు.

తాత తలుపు కమ్మీకి భుజం కొట్టుకునేవాడు. టేబుల్ అంచున పెట్టిన చాయ్ గ్లాసు రెండుసార్లు చెయ్యి తగిలి పడింది. లిఫ్ట్‌లో పక్కన నిలబడ్డ వాళ్ళు పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. పిలిస్తే కళ్ళు తిప్పకుండా తల మొత్తం తిప్పి చూసేవాడు. ఇవన్నీ నేను చూశాను. విడివిడిగా చూశాను. వయసు అనుకున్నాను, కొత్త ఇల్లు అనుకున్నాను, చాయ్ గ్లాసు రెండోసారి పడ్డప్పుడు కొంచెం విసుక్కున్నాను కూడా. పేపర్‌లో అక్షరాలు చదువుతున్నాడు కదా, కళ్ళకేమైందని ఎవరికి అనుమానం వస్తుంది? మా ఆవిడకి వచ్చింది. నేను అతికించిన బండిని ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని ముక్కలు ముక్కలుగా చూడటం గమనించి, కంటి డాక్టరుకి చూపిద్దామంది.

కంటి ఆస్పత్రిలో ఒక పరీక్ష చేశారు. తాత గిన్నె లాంటి తెల్లటి యంత్రంలో గడ్డం ఆనించి, నడిమధ్యన ఉన్న లైటునే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడైనా చిన్న వెలుగు చుక్క మెరిస్తే చేతిలో బటన్ నొక్కాలి. చీకటి గదిలో నేను వెనక నిలబడ్డాను. యంత్రం చేసే చిన్న చప్పుడు వినిపిస్తోంది. బటన్ చప్పుడు మాత్రం చాలా సేపటికి ఒకటి. ఎన్నో చుక్కలు మెరిసి పోతున్నాయి, తాత కదలకుండా, చాలా శ్రద్ధగా, ఏమీ నొక్కకుండా కూర్చున్నాడు. పరీక్ష బాగా రాస్తున్న పిల్లాడి ముఖం అది. బయటికొచ్చి "అన్నీ ఒత్తినరా" అన్నాడు.

కాగితం మీద రెండు గుండ్రటి బొమ్మలు వచ్చాయి. అంచులన్నీ నలుపు. మధ్యలో సన్నటి తెలుపు. గ్లకోమా, తెలుగులో నీటికాసులు అంటారు. కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు నరం కొంచెం కొంచెంగా దెబ్బతింటుంది. నొప్పి ఉండదు. ముందు పక్క చూపు పోతుంది, నడిమి చూపు చివరిదాకా ఉంటుంది. అందుకే అక్షరాలు చదవగలిగాడు. పోయిన భాగం నల్లగా కనిపించదట, అక్కడ ఏమీ లేనట్టు ఉంటుంది. అందుకే ఆయనకీ తెలియలేదు. పోయింది తిరిగి రాదు, చుక్కల మందు వేస్తే ఉన్నది నిలబడొచ్చు అన్నారు డాక్టరు. ఇంకొంచెం ముందు తీసుకొస్తే బాగుండేది అని చాలా మెత్తగా అన్నారు.

ఆ కాగితం పట్టుకుని పార్కింగ్‌లో కారులో కూర్చున్నాను. తాత సీటు బెల్టు కోసం పక్కకి చెయ్యి చాచి తడుముకుంటున్నాడు. ఆర్మర్డ్ కారు డ్రైవరు చీలికలోంచి తీసిన ఫోటోలు ఎన్ని చూశాను ఈ నెల రోజుల్లో! చుట్టూ నలుపు, మధ్యలో సన్నటి వెలుగు, అందులో రోడ్డు ముక్క. 1904లో ఆస్ట్రియాలో ఒక డ్రైవరుకి పక్కన ఏం కనపడలేదో నాకు తెలుసు. నా పక్క గదిలో మనిషికి ఏం కనపడటం లేదో ఎనిమిది నెలలు తెలియలేదు. ఆయన్ని ఒక్కసారి అడగాల్సింది. కోదాడ రోడ్డు మీద ఆ లాన్సర్ అడిగినట్టు, ఏం కనపడుతోందని. పచ్చ గీతలు చూసి సరిపెట్టుకున్నాను.

ఆ రోడ్డు గురించి ఇంకొక్క సంగతి చెప్పకపోతే నా లెక్క సరిపోదు. పోలీస్ యాక్షన్ అయ్యాక సంస్థానంలో, ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హింసని చూసి రమ్మని ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపింది. వాళ్ళు ఊళ్ళు తిరిగి, మనుషులని అడిగి, తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసిచ్చారు. ఆ నివేదిక జనం చదవడానికి దొరికింది 2013లో. స్కౌట్లు వెళ్ళారు, చూశారు, వెనక్కొచ్చి చెప్పారు. వినాల్సినవాళ్ళు మూత వేసుకున్నారు. ఇది తాతకి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "మా ఊళ్ళె దూదేకులాయన ఉండె. ఆ ఏడు ఎటో పోయిండు. మళ్ళ రాలే. మేము అడగలే," అన్నాడు.

రెండో చెకప్ అయ్యాక ఒక ఆదివారం తాతని కారులో ఎక్కించుకుని అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా సంగారెడ్డి వైపు వెళ్ళాను. ఎద్దుమైలారం. అక్కడి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 1984లో మొదలైంది. రష్యన్ బీఎంపీ-2 నమూనాని మన దగ్గర శరథ్ అనే పేరుతో తయారుచేసేది అక్కడే. 2008లో ఐఐటీ హైదరాబాద్ మొదటి క్లాసులు కూడా ఆ ఫ్యాక్టరీ ఆవరణలోనే జరిగాయి. ఇంజనీర్లం మనం ఆ ఊరి పేరు అలా విన్నవాళ్ళమే ఎక్కువ. అదే బీఎంపీ-2 మీద కట్టిన ఒక బండి 2021 డిసెంబర్‌లో సైన్యానికి చేరింది. దాని పని యుద్ధం చేయడం కన్నా వాగు లోతు ఎంత, గట్టు నేల గట్టిదా మెత్తదా అని ముందుకెళ్ళి చూసి చెప్పడం. సిమ్స్ మోటార్ స్కౌట్‌కి మునిమనవరాలు అన్నమాట. ఉక్కు సంగతీ మన ఊరిదే. అర్జున్ ట్యాంకు తొడుక్కున్న కంచన్ కవచానికి ఆ పేరు, దాన్ని కనిపెట్టిన ల్యాబ్ ఉన్న కంచన్‌బాగ్ వల్లే వచ్చింది.

లోపలికి ఎలాగూ పోనివ్వరు. గేటుకి దూరంగా రోడ్డు పక్కన ఆపి, "నువ్వు చూసిన బండ్ల మనవలు ఇక్కడ తయారవుతాయి తాతా" అన్నాను.

"లోపలోడికి బయట కనపడతదా?"

చెప్పాను. చుట్టూ పెరిస్కోపులు ఉంటాయి, రాత్రిపూట వేడిని బట్టి మనిషిని పోల్చే యంత్రాలు ఉంటాయి, ఇప్పుడైతే పైన డ్రోన్లు ఎగురుతాయి, లోపల స్క్రీన్ మీద అన్నీ కనపడతాయి అని. ఉత్సాహంగానే చెప్పాను, నా సబ్జెక్టు కదా.

తాత అంతా విన్నాడు. "అయితే ఇంక ఎవర్నీ అడిగే పనిలేదు," అన్నాడు.

మెచ్చుకున్నాడో, జాలిపడ్డాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంటికొచ్చాక స్టాగ్‌హౌండ్ టరెట్ మూతని బ్లేడుతో జాగ్రత్తగా విడదీశాను. కిట్‌లో మనిషి బొమ్మ లేదు. పాత కిట్‌లో మిగిలిన ఒక సైనికుడిని నడుం దగ్గర కోసి, చేతులు కొంచెం వంచి, తెరిచిన మూతలో నిలబెట్టాను. బైనాక్యులర్స్ అతికించడానికి రెండు గంటలు పట్టింది. ముఖం సరిగ్గా కుదరలేదు, ఒక కన్ను పెద్దదైంది. తాత చేతికిచ్చాను. తిప్పి తిప్పి చూసి, బొటనవేలితో ఆ బుల్లి తలని తడిమాడు.

"నీళ్ళు?" అన్నాడు.

రోజూ రాత్రి తొమ్మిదింటికి తాత కళ్ళలో చుక్కలు వేస్తున్నాను. ఫోన్‌లో అలారం ఉంది, ఇంతవరకూ ఒక్కరోజు తప్పలేదు. కుర్చీ పక్కన స్టూలు తీసేశాం, చాయ్ గ్లాసు ఆయన ఎదురుగానే పెడుతున్నాం. పొద్దున ఆఫీసు కాల్స్ మొదలయ్యేలోపు ఒక పావుగంట బాల్కనీలో ఆయన పక్కన కూర్చుంటున్నాను. పక్కన కూర్చుంటే నేను కనపడనని తెలిశాక కుర్చీని కొంచెం ముందుకి జరుపుకున్నాను.

"ఏం కనపడుతుంది తాతా?" అని అడుగుతాను.

ఆయన తలని మెల్లగా ఎడమ నుంచి కుడికి తిప్పుతాడు. కొత్తగా లేస్తున్న టవర్ మీద క్రేను. పక్క బాల్కనీలో ఎండేసిన ఎర్ర చీర. ఆకాశంలో గద్ద ఒకటి. గోల్కొండ గుట్ట ఇవాళ ఉందంటాడు, ఒక్కోరోజు లేదంటాడు. మబ్బు వల్లా, కంటి వల్లా అని నేను అటు తిరిగి సరిచూసుకోవడం మానేశాను. ఆయన చెప్పేది పూర్తయ్యేదాకా ఆయన ముఖమే చూస్తూ వింటున్నాను.